రొయ్యల ప్లాంటుకు పీఎంఓ సేవ: ఏ నివేదిక పనికొచ్చింది, ఏది ఫైలులోనే ఉండిపోయింది

భీమవరం నుంచి ఉండి వైపు వెళ్లే దారిలో మేము కొందరు భాగస్వాములం కలిసి కట్టుకున్న రొయ్యల శుద్ధి ప్లాంటు, శీతల గిడ్డంగి మొదటి దశ పనులకు ఒక కన్సల్టెన్సీ సంస్థ నుంచి ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు (పీఎంఓ) సేవను తీసుకున్నాము. గోదావరి డెల్టాలో రైసుమిల్లయినా, ఐసు ఫ్యాక్టరీ అయినా, మేత ఫ్యాక్టరీ అయినా ఇంతకాలం యజమాని, నమ్మకస్తుడైన మేస్త్రి, చిట్టా రాసే గుమాస్తా కలిసి కట్టించినవే ఎక్కువ. బ్యాంకు రుణాలు పెద్దవై, కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల నుంచి ఎగుమతి తనిఖీ మండలి ఆమోదం దాకా కాగితం పని పెరిగాక, ఇలాంటి సేవ తీసుకోవాలా వద్దా అని అడిగేవారు మా చుట్టుపక్కల చాలామంది కనబడుతున్నారు. భాగస్వాముల తరఫున ఆ సంస్థ పంపిన ప్రతి నివేదికనూ చదివి సంతకం పెట్టే బాధ్యత నాది కాబట్టి, వచ్చిన నివేదికల రకాలను ఆధారం చేసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇదే కట్టను కొద్దిపాటి తేడాలతో చాలా సంస్థలు అమ్ముతున్నందున సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇచ్చిన డబ్బుకు సేవ తగినదే. కానీ వాళ్లు పంపే నివేదికల్లో కొన్ని మా స్థాయి ప్రాజెక్టుకు అక్కరలేనివి, అక్కరకొచ్చిన వాటిలోనూ కొన్ని మేము పట్టుబట్టి మార్పించుకున్న తరువాతే దారికొచ్చాయి. ఏ అంకె దాటితే ఎవరు నిర్ణయం తీసుకోవాలో ముందే రాసిపెట్టుకున్న నివేదికలు మా డబ్బును కాపాడాయి. జరిగినదాన్ని అందంగా వర్ణించి ఊరుకున్నవి ఫైలులో చేరాయి.

పీఎంఓ స్వయంగా కట్టడం కట్టదు. కాంక్రీటు పోసేది కాంట్రాక్టరు, డ్రాయింగు ఇచ్చేది ఆర్కిటెక్టు, డబ్బు పెట్టేది యజమానులూ బ్యాంకూ. ఏ పని ఏ తేదీకి, ఎంత ఖర్చుతో, ఏ నాణ్యతతో జరగాలో వీళ్లందరి మధ్య రాసిపెట్టి, జరుగుతున్నదానితో పోల్చి చూసి, తేడా ఎక్కడుందో సంబంధించినవారికి చేరవేయడం ఈ ఆఫీసు పని. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన మార్గదర్శక గ్రంథంలో ఇలాంటి ఆఫీసులను మూడు రకాలుగా చెప్పింది. నమూనా పత్రాలు, సలహాలు ఇచ్చి ఊరుకునేది సహాయక రకం. తాను చెప్పిన పద్ధతిని అందరూ పాటించేలా చూసేది నియంత్రక రకం. ప్రాజెక్టును తానే నడిపేది నిర్దేశక రకం. మాకు మొదట చూపిన రంగురంగుల పుస్తకంలో మాటలు మూడో రకానివి, పంపిన ఒప్పందం ముసాయిదాలో బాధ్యతలు మొదటి రకానివి. ఈ రెంటి మధ్య తేడాను సంతకాలకు ముందే మా న్యాయవాది పట్టుకున్నారు. చివరికి రెండో రకంగా ఒప్పందం కుదిరింది. ఈ సేవ తీసుకునేవారు అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ఈ సంగతే, ఎందుకంటే కాంట్రాక్టరు చేత సమాచారం ఇప్పించే అధికారం లేని పీఎంఓ పంపే నివేదికలో కాంట్రాక్టరు చెప్పదలచుకున్నదే ఉంటుంది.

ఇక నివేదికల విషయానికి వస్తే, అన్నిటికీ మూలం వారపు స్థితి నివేదిక. ఆ వారం జరిగిన పని, వచ్చే వారం జరగవలసిన పని, ఆగిన పనులు, మేము తీసుకోవలసిన నిర్ణయాలు ఇందులో ఉంటాయి, ఒక్కో పని పక్కన పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి ఉంటుంది. మొదట్లో ఈ నివేదిక సోమవారం సాయంత్రం వచ్చేది, అందులో అంతకుముందు గురువారం దాకా జరిగిన పని మాత్రమే ఉండేది. మా భాగస్వాములు కూర్చునేది ఆదివారం ఉదయం. అంటే మేము చర్చించే కాగితం ఎప్పుడూ ఒక వారం పాతది. శుక్రవారం సాయంత్రానికి లెక్క ముగించి శనివారం రాత్రికి పంపాలని అడిగితే సంస్థ మొదట ఒప్పుకోలేదు, తమ కేంద్ర కార్యాలయంలో పరిశీలన పూర్తయ్యాకే పంపడం తమ పద్ధతి అన్నది. రెండు పేజీల వారపు కాగితానికి ఆ పరిశీలన అవసరం లేదని, నెలవారీ నివేదికకు ఉంచుకోమని చెప్పి ఒప్పించవలసి వచ్చింది.

అంతకన్నా పెద్ద చిక్కు రంగులతో వచ్చింది. ఒండ్రు నేల కావడం, కొద్దిగా తవ్వగానే నీరు ఊరడం వల్ల ఇక్కడ బరువైన కట్టడాలకు పైల్ పునాదులు, అంటే నేలలోకి లోతుగా దించే స్తంభాలు, వేయక తప్పదు. మా పట్టికలో ‘పైలింగు’ అన్న వరుస ఎదురుగా 92 శాతం అని, పక్కన పచ్చ రంగు అని వరసగా కొన్ని వారాల పాటు ఒకే మాట వచ్చింది. సైటుకు వెళ్లి అడిగితే, కాంట్రాక్టరు తరఫు మేస్త్రి “ఆయ్, అయిపోయినట్టేనండి, రెండు రోజుల్లో దింపేస్తామండి” అన్నాడు. దిగవలసిన పైళ్లు నిజంగానే చాలావరకు దిగాయి. అయితే పైల్ తలలు కొట్టి సరిచేయడం, లోడు పరీక్ష, పైల్ క్యాపుల కాంక్రీటు, ఇవేవీ ఆ శాతంలోకి రాలేదు. పైగా ఆ శాతాన్ని వేసింది పీఎంఓ ఇంజనీరు కాదు, కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఫోనులో చెప్పిన అంకె అది.

దీన్ని సంస్థ సరిచేసిన తీరు మెచ్చుకోదగినది. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టారు. ఒక ముక్క మొదలైతే సగం, పూర్తయి తనిఖీ అయ్యాకే మిగతా సగం లెక్కించాలని నియమం పెట్టారు. దాంతో 92 లాంటి అంకెలకు తావు లేకుండా పోయింది. రంగుకూ కొలత పెట్టారు: మొత్తం గడువును నిర్ణయించే వరుసలోని పని మూడు రోజుల వరకు ఆలస్యమైతే పచ్చ, పది రోజుల వరకు పసుపు, అది దాటితే ఎరుపు, ఇందులో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు. ప్రతి పైలుకూ దాని నంబరు, లోతు, తేదీ సుద్దముక్కతో రాసిన పలకను పక్కన నిలబెట్టి తీసిన ఫోటో జతచేయడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి మా ఆదివారం సమావేశం బాగా కురచైంది. ఈ నియమాలను మొదటి వారం నుంచే ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకు మాత్రం సరైన జవాబు రాలేదు. అడిగిన ఖాతాదారులకే పెడతారని నా అనుమానం.

గడువుల నివేదికలో ఈ సంస్థకు డెల్టా తెలియదని బయటపడింది. ఇది నెలకొకసారి వస్తుంది. మొదట ఆమోదించిన కాలపట్టికను ఒక గీతగా, ఇప్పటి అంచనాను మరో గీతగా బార్ చార్టులో పక్కపక్కన చూపుతుంది. ఒక పని జరిగితే తప్ప తరువాతది మొదలవని గొలుసును వేరే రంగులో చూపుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా స్థలానికీ రోడ్డుకూ మధ్య ఒక పంట కాలువ ఉంది. దాని కింద నుంచి గొట్టాలు తీసుకెళ్లడానికీ, ప్రవేశానికి చిన్న కల్వర్టు కట్టడానికీ జలవనరుల శాఖ అనుమతితో పాటు కాలువలో నీరు లేకుండా ఉండటం కావాలి. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా సేద్యం కాలువల మీద నడుస్తున్నది. దాళ్వా (రబీ పంట) చివర్లో, ఏప్రిల్ మాసంలో కాలువలు కట్టేసి, మరమ్మతులు చేసుకుని, జూన్‌లో సార్వాకు (ఖరీఫ్‌కు) మళ్లీ వదులుతారు. కాలువలో చేయవలసిన పని ఏదైనా ఆ కొద్ది వారాల్లో పూర్తికావాలి, లేకపోతే మరుసటి వేసవి దాకా ఆగాలి. సంస్థ వేసిన తొలి కాలపట్టికలో కల్వర్టు పని జూలైలో ఉన్నది. నెలవారీ నివేదికలు ఆ వరుసను నింపాదిగా పచ్చరంగులో చూపించాయి, ఎందుకంటే జూలై ఇంకా రాలేదు.

మా భాగస్వాముల్లో వ్యవసాయం చేసే పెద్దాయన ఒకరు ఆ బార్ చార్టును తిరగేసి చూసి, “జూలైలో కాలవలో దిగేదెవరండీ?” అని అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. ఆ పనిని ముందుకు జరిపి 2025 వేసవి కట్టివేతలోనే ముగించగలిగాము. ఆ మార్పు కోసం మిగతా పనుల వరుసను రెండు రోజుల్లో తిరగరాసి ఇచ్చిన వేగం సంస్థ గొప్పతనమే. కాని కాలపట్టికకు ఆధారమైన క్యాలెండరులో ఆదివారాలు, జాతీయ సెలవులు ఉండి, కాలువల కట్టివేత, సంక్రాంతి వారం, ఆషాఢం లేకపోవడం లోపమే. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల సైటులో మనిషి దొరకడని వేరే చెప్పనక్కరలేదు. ఆ వారాన్ని పనిదినాలుగా లెక్కవేసిన పట్టిక జనవరి చివర ఎర్రబడక ఏమవుతుంది?

ఖర్చుల నివేదిక నాకు అన్నిటికన్నా నచ్చినది. మామూలుగా మేము చూసేది బడ్జెట్టు ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్న మూడు అంకెలే. అవి నిజాన్ని దాచగలవని ఈ నివేదిక చూపించింది. ఇందులో మూడు వేరే అంకెలు ఉంటాయి: ఈ తేదీకి జరిగి ఉండవలసిన పని విలువ, నిజంగా జరిగిన పని విలువ, దానికి అయిన ఖర్చు. గుండ్రని అంకెలతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మొత్తం బడ్జెట్టు 4 కోట్లు అనుకుందాం. ఈ నెలాఖరుకు 80 లక్షల పని జరగాలి, 60 లక్షల పనే జరిగింది, ఖర్చు మాత్రం 75 లక్షలు అయింది. పాత పద్ధతిలో చూస్తే 80 లక్షలు కావలసిన చోట 75 లక్షలే అయిందని, 5 లక్షలు మిగిలాయని సంతోషిస్తాము. ఈ పద్ధతిలో జరిగిన పనిని జరగవలసిన పనితో భాగిస్తే 0.75, అంటే వేగం మూడు వంతులే. జరిగిన పనిని ఖర్చుతో భాగిస్తే 0.8, అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 80 పైసల పనే వస్తున్నది. ఇదే తీరు చివరిదాకా సాగితే 4 కోట్ల ప్రాజెక్టు 5 కోట్లకు తేలుతుంది. అమెరికా రక్షణ శాఖ 1960ల్లో తన కాంట్రాక్టుల మీద పెట్టిన ఈ లెక్క మా ఊరి గుమాస్తాకు రెండుసార్లు కూర్చునేసరికి అర్థమైంది.

ఈ నివేదిక విలువ దాని సూత్రంలో కన్నా, దానికి పునాదిగా ఉన్న కొలతల్లో ఉంది. కాంట్రాక్టరు విడతలవారీగా పెట్టే ప్రతి ఆర్‌ఏ బిల్లునూ ఎం-బుక్కులోని (కొలతల పుస్తకంలోని) కొలతలతో పోల్చి, బీఓక్యూలోని (పనుల పరిమాణాలు, రేట్ల పట్టికలోని) రేటుతో గుణించి, అప్పుడే ‘జరిగిన పని’ కింద రాశారు. ఒక బిల్లులో కాంక్రీటు పరిమాణం డ్రాయింగు కన్నా ఎక్కువగా కనబడితే పైసా చెల్లించకముందే ఆపి, రెండోసారి కొలిపించారు. పీఎంఓ రుసుములో మంచి భాగం ఆ ఒక్క అలవాటు వల్లే తిరిగి వచ్చిందని నేను అనుకుంటున్నాను. లోపం కూడా ఒకటి ఉంది. జీఎస్టీతో కలిపిన అంకెలు, కలపని అంకెలు కొన్ని నెలల్లో ఒకే పట్టికలో కలగలిసి వచ్చాయి. యంత్రాలు, సిమెంటు, సేవలు వేర్వేరు పన్ను రేట్లలో ఉన్నప్పుడు ఇది చిన్న పొరపాటు కాదు. రాసి పంపిన తరువాత సరిచేశారు.

ముప్పుల పట్టిక, సమస్యల పట్టిక అని రెండు వేరుగా వస్తాయి. జరగవచ్చని అనుకుంటున్నది ముప్పు, జరిగిపోయినది సమస్య. మొదటిదానికి ముందు జాగ్రత్త, రెండోదానికి పరిష్కారం, గడువు, బాధ్యుడి పేరు కావాలి. సంస్థ పంపిన తొలి ముప్పుల పట్టిక ఎక్కడి ప్రాజెక్టుకైనా సరిపోయే సాధారణ వాక్యాలతో నిండి ఉంది. ‘ప్రతికూల వాతావరణం’ అన్న ఒక వరుసకు అవకాశం తక్కువ అని రాశారు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఏం చేసిందో తెలిసినవారెవరూ ఆ మాట రాయరు. మేము ఆ వరుసను నాలుగుగా విడగొట్టించాము: అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను, జూలై నుంచి గోదావరి వరద వల్ల ఇసుక ర్యాంపులు మూతపడటం, వానలకు సైటు దారి దిగబడటం, యనమదుర్రు డ్రెయిన్ పొంగి నీరు వెనక్కి తన్నడం. ఒక్కోదానికీ ఏ నెలలో మేలుకోవాలో, ఎవరు ఏం చేయాలో రాశారు. వరదలకు ముందే ఇసుక నిల్వ వేసుకున్నది ఆ పట్టిక వల్లే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు, గిడ్డంగికి వచ్చిన పఫ్ ప్యానెళ్లు (చలి బయటికి పోకుండా ఆపే గోడ పలకలు) అప్పటికే కట్టేసి, కప్పి, ఎత్తయిన వేదిక మీదకు చేరి ఉన్నాయి. ఆ రోజు సైటు ఇంజనీరు చేసినదంతా పట్టికలో తన పేరు ఎదుట రాసి ఉన్న పనులే.

మార్కెట్టు ముప్పు అనే వరుస కూడా ఉండాలని పట్టుబట్టినది సంస్థే, ఆ ఘనత వారికి ఇవ్వాలి. కట్టడం పనికి దీనితో ఏం సంబంధమని మాలో కొందరు విసుక్కున్నారు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ యంత్రానికి మిగతా అడ్వాన్సు చెల్లించాలా, ఆగాలా అన్న ప్రశ్న మా ముందుకు వచ్చింది. ఆగితే ఎంత నష్టం, చెల్లిస్తే ఎంత సొమ్ము ఇరుక్కుంటుంది, ఏ తేదీ లోపల తేల్చుకోవాలి అన్న మూడు అంకెలు అప్పటికే పట్టికలో ఉన్నాయి. బ్లాస్ట్ ఫ్రీజరు, ఐసు ప్లాంటు ముందు పూర్తిచేసి, ఐక్యూఎఫ్‌ను రెండో దశకు జరిపాము. భాగస్వాముల మధ్య తగవు రాకుండా ఆ నిర్ణయం ఒక్క పూటలో తేలింది.

ఇప్పుడు నా దృష్టిలో ఈ కట్టకే తలమానికమైన నివేదిక గురించి చెప్పాలి. దాన్ని మినహాయింపు నివేదిక అంటారు. బ్రిటన్‌లో పుట్టిన ప్రిన్స్2 అనే ప్రాజెక్టు పద్ధతిలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. రోజూ, వారం వారం యజమానిని కదిలించకుండా, గడువుకూ ఖర్చుకూ ముందే ఒక హద్దు ఒప్పుకుని, ఆ హద్దు దాటేలా ఉందని అంచనా తేలిన వెంటనే, దాటేదాకా ఆగకుండా, కారణమూ ప్రభావమూ మార్గాంతరాలూ సిఫారసూ రాసి పంపే పత్రం ఇది. గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఇది కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మొదటి హెచ్చరిక వేళ సుమారు 10 లక్షల క్యూసెక్కులు, మూడోదానికి 17 లక్షలు సముద్రంలోకి పోతుంటాయి. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. ఏ అంకె దగ్గర ఏ అధికారి ఏం చేయాలో, లంక గ్రామాలవారు ఎప్పుడు గట్టెక్కాలో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి అక్కడ రాత్రిపూట చర్చలు ఉండవు. మా మినహాయింపు నివేదికకూ అలాగే మూడు మెట్లు పెట్టించాము. మొదటి మెట్టు దాటితే సైటు ఇంజనీరు, కాంట్రాక్టరు తేల్చుకుంటారు. రెండోదానికి నేను. మూడోది దాటేలా ఉంటే భాగస్వాములందరూ రెండు రోజుల్లో కూర్చోవాలి.

ప్రాజెక్టు మొత్తంలో మూడో మెట్టు నివేదికలు చాలా అరుదుగా వచ్చాయి. వచ్చిన వాటిలో ఒకటి హైటెన్షన్ విద్యుత్ కనెక్షన్ గురించి. ట్రాన్స్‌ఫార్మరు రావడం ఆలస్యమైతే శీతలీకరణ యంత్రాల పరీక్ష ఆగుతుందని, ఆగితే ఎన్ని రోజులు, అద్దె జనరేటరు పెడితే ఎంత ఖర్చు, సరఫరాదారును మారిస్తే ఎంత గడువు అని ఒకే పేజీలో మూడు దారులు రాసి, రెండోదాన్ని సిఫారసు చేశారు. సిఫారసు చేయడానికి ధైర్యం కావాలి. చాలా కన్సల్టెన్సీలు దారులన్నీ రాసి, “నిర్ణయం యజమానిదే” అని సంతకం పెట్టి చేతులు దులుపుకుంటాయి. ఈ సంస్థ అలా చేయలేదు.

మార్పుల నివేదిక కూడా దాని సరసన నిలబడేదే. కట్టే మధ్యలో యజమానులు చేసే మార్పులే ఖర్చు పెంచుతాయన్నది ఇల్లు కట్టినవారందరికీ తెలుసు, కానీ లెక్కగా చూసినవారు తక్కువ. మాటతో మార్పు చెప్పడం ఆపించి, ప్రతి మార్పుకూ ఒక నంబరు, అడిగినవారి పేరు, ఖర్చు, గడువు మీద ప్రభావం, ఆమోద సంతకం ఉండాలన్నారు. మొదటి నెలలో అది మాకు అవమానంగా తోచింది, మా సొంత ప్లాంటులో గోడ జరపడానికి కాగితమెందుకని. శుద్ధి హాలు తలుపు వెడల్పు పెంచమన్న ఒక కోరిక, కాగితం మీదకు వచ్చేసరికి డక్టు లైను, ప్యానెళ్ల కోత, పచ్చి సరుకూ శుద్ధి చేసిన సరుకూ కలవకుండా ఉండవలసిన దారి, అన్నిటినీ కదుపుతుందని తేలి, అడిగినవారే ఉపసంహరించుకున్నారు.

నాణ్యత నివేదిక గురించి చెప్పడానికి పెద్దగా లేదు: ప్రామాణికమైనది, సకాలంలో వచ్చేది. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులకు 7వ రోజు, 28వ రోజు బలం పరీక్షలు, ఇనుము ధ్రువపత్రాలు, లోపాల జాబితా, వాటిని సరిచేసిన తేదీలు ఉంటాయి. మేము అదనంగా వ్యర్థజలాల శుద్ధి కేంద్రం పరీక్ష ఫలితాలను చేర్పించుకున్నాము.

వనరుల నివేదిక మాత్రం శుద్ధ దండగ. సాఫ్ట్‌వేరు కంపెనీల్లో ఏ ఇంజనీరు వారంలో ఎన్ని గంటలు ఏ పనిలో ఉన్నాడో చెప్పడానికి పుట్టిన పట్టికను, శ్రీకాకుళం నుంచి ఒక ముఠా, ఒడిశా నుంచి మరో ముఠా వచ్చి పోయే సైటుకు అతికించారు. ఏ రోజు ఎంతమంది వచ్చారన్న హాజరు చాలు. వారికి శాతాల్లో వినియోగ సూచీ కట్టి రంగుల వలయాలు గీయడంలో ఎవరికి ఏం లాభమో నాకు బోధపడలేదు. అడిగి ఆపించాము, రుసుము మాత్రం తగ్గలేదు.

అనేక ప్రాజెక్టులను కలిపి చూపే పోర్ట్‌ఫోలియో నివేదిక కూడా కట్టలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 150 కోట్ల రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులను గణాంక మంత్రిత్వ శాఖ ద్వారా కలిపి పర్యవేక్షిస్తుంది, 2015 మార్చి 25న మొదలైన ప్రగతి వేదికలో ప్రధానమంత్రి ఆగిన ప్రాజెక్టులను రాష్ట్రాలతో సమీక్షిస్తారు. వందల ప్రాజెక్టుల మధ్య డబ్బు, దృష్టి ఎటు మళ్లించాలో తేల్చడానికి అలాంటి నివేదిక కావాలి. ఒకే ప్లాంటు కట్టుకునేవారికి పంపితే అది స్థితి నివేదికకే మరో అట్ట.

తెరమీద ఎప్పటికప్పుడు కనిపించే డాష్‌బోర్డును బ్యాంకువారికి చూపడానికి తప్ప మేము తెరిచింది తక్కువ. బ్యాంకు నియమించిన స్వతంత్ర ఇంజనీరు మాత్రం దాన్ని ఇష్టపడ్డారు. ఖర్చుల నివేదిక, ఫోటోలు, ఆర్‌ఏ బిల్లులు ఒకే చోట దొరకడంతో రుణం విడతలు విడుదల కావడంలో తాత్సారం తగ్గిందని ఆయనే అన్నారు. ఆ ఒక్క కారణానికే డాష్‌బోర్డును ఉంచుకోవచ్చు.

భాష గురించి ఒక మాట. నివేదికలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. భాగస్వాముల్లో సగం మంది చెరువుల మీద బతికినవారు. వారానికొక పేజీ సారాంశం తెలుగులో కావాలని అడిగితే, యంత్రంతో అనువదించిన ఒక ప్రతి వచ్చింది, అది చదివితే ఇంగ్లీషు ప్రతే నయమనిపించింది. తరువాత సైటులో ఉన్న పాలకొల్లు కుర్రాడైన ఇంజనీరు స్వయంగా రాయడం మొదలుపెట్టాడు. అతని పేజీలో వాక్యాలు చిన్నవి, అంకెలు స్పష్టం; కాంట్రాక్టరు మనుషులు కూడా దాన్ని ఫోనులో ఒకరికొకరు పంపుకునేవారు. సంస్థ ఈ పనిని తన సేవలో భాగంగా ఎక్కడా చెప్పుకోదు, చెప్పుకోవాలి.

ముగింపు నివేదిక, నేర్చుకున్న పాఠాల నివేదిక పనులు అప్పగించిన తరువాత వచ్చాయి. మొదటిది నిండుగా ఉంది: తుది ఖర్చు, గడువు తేడాలు, వారంటీల గడువులు, అనుమతుల ప్రతులు, మిగిలిన చిన్న పనులు, నిలిపి ఉంచిన రిటెన్షన్ సొమ్ము ఎప్పుడు ఇవ్వాలో. రెండోది పల్చగా ఉంది. కాలువ కట్టివేత సంగతి అందులో ఒక్క వాక్యంగా, ‘స్థానిక పరిస్థితులను ముందుగా పరిగణించాలి’ అని ముగిసింది. తేదీలతో, ఏ శాఖలో ఏ దరఖాస్తు ఎన్నాళ్లు పట్టిందో రాసి ఉంటే ఈ జిల్లాలో తరువాత కట్టేవారెవరికైనా అది పనికొచ్చేది. తిప్పి పంపాము, రెండో ప్రతి మెరుగ్గా వచ్చింది.

రుసుము నెలకు ఇంత అని స్థిరంగా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. ప్రాజెక్టు విలువలో శాతంగా అడిగేవారూ ఉన్నారు. ఖర్చు పెరిగితే కన్సల్టెంటు రుసుము కూడా పెరిగే ఆ పద్ధతిని మేము ఒప్పుకోలేదు. నెలవారీ పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది, ప్రాజెక్టు ఆలస్యమైతే వారికి నెలలు పెరుగుతాయి. అందుకే ఒప్పుకున్న గడువు దాటిన తరువాత నెలలకు సగం రుసుమే అన్న షరతు రాయించాము. ఆ షరతు లేకుండా సంతకం పెట్టవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాను.

రెండో దశకు ఇదే సంస్థను ఉంచుకుంటున్నాము, కానీ ఒప్పందం వేరు. శనివారం రాత్రికి తెలుగు సారాంశంతో రెండు పేజీల స్థితి నివేదిక, నెలకు ఒక ఖర్చుల నివేదిక, గడువు పట్టిక. ముప్పులు, మార్పుల పట్టికలు సైటులోనే, ఎవరైనా చూడగలిగేలా. మినహాయింపు నివేదిక అవసరమైనప్పుడు మాత్రమే. వనరుల వలయాలు, పోర్ట్‌ఫోలియో అట్ట తీసివేయించాము. ఈసారి రుసుము కూడా ఆ మేరకు తగ్గింది. కాలపట్టిక క్యాలెండరులో ఏప్రిల్ కట్టివేత, సంక్రాంతి వారం మొదటి ముసాయిదాలోనే ఉన్నాయి.